ఖాళీ కడుపు

ఆదోని పత్తి వర్తకుడు ఇంద్రసేనయ్యకు ఎవరి మీదా నమ్మకం లేదు. బస్తాలు మోసే హమాలీనీ, వండి పెట్టే భార్యనీ ఒకే కంట చూసేవాడు. ఏళ్ల తరబడి పులితేన్పులతో గొంతు మండుతుంటే, ఎవరో ఏదో పెట్టారని ఇంట్లో మంచినీళ్లు తాగడానికి కూడా జంకేవాడు. పడుకుంటే తిన్నదంతా పైకి ఎగదన్నేది. పాపం, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేవాడు.

చివరికి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కడుపు పైభాగం మధ్యనుండే పొర దాటి రొమ్ములోకి ఎక్కిందన్నారు. కోసి, కిందికి లాగి, కుట్టాలట. మద్రాసు నుంచి వచ్చిన డాక్టరు తెల్లారితే ఆపరేషన్ అన్నాడు. "కడుపు ఖాళీగా ఉండాలి. మత్తులో తిన్నది పైకొస్తే ఊపిరాడక పోతావు" అని మరీ మరీ చెప్పాడు. చావంటే ఇంద్రసేనయ్యకు వల్లమాలిన భయం. పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు నర్సు మేరి అతని ముక్కులోంచి రబ్బరు గొట్టం దించి, పిచికారీతో లాగింది. పసుప్పచ్చని ముద్ద వచ్చింది. నానిన బొరుగులు, కరివేపాకు, పప్పుల పొడి. ఉగ్గాని... ఇంకా వేడిగానే ఉంది.

"తిన్నావా అయ్యా?" మేరి గొంతు తగ్గించి అడిగింది.

"తిన్లేదు." అతను భార్య వైపు తిరిగాడు. "ఏమే, నిద్దట్లో ఏం పెట్టినావు నాకు?"

కమలమ్మ ముఖం పాలిపోయింది. "మీ మీదొట్టు. నేనేం పెట్టలేదు."

నమ్మితే ఇంద్రసేనయ్య ఎందుకవుతాడు? మేరి తేట నీళ్లు వచ్చేదాకా కడుపు కడిగి, గొట్టం తీసి వెళ్లాక, భార్యను వరండాలోకి పంపి లోపల గడియ పెట్టుకున్నాడు. ఎమ్మిగనూరు తువ్వాలు నోటికి కట్టి, వెనక ముడి మీద ముడి వేసుకున్నాడు.

గదంతా ఫినాయిలు వాసన. దూరంగా జిన్నింగు మిల్లు చప్పుడు ఆగిపోయింది. అది ఆగాక ఇంకో చప్పుడు వినిపించింది. ఎవరో నింపాదిగా నములుతున్నారు... దవడ తడుముకున్నాడు. కదలడం లేదు. చప్పుడు రొమ్ము లోపలి నుంచి వస్తోంది. ఒక గుటక. కాసేపటికి ఇంకొకటి... తన గొంతు మాత్రం ఎండిపోయి ఉంది. గోడకు ఆనుకుని తెల్లవార్లూ వింటూ కూర్చున్నాడు.

తెల్లారి తలుపు కొడితే పాక్కుంటూ వెళ్లి గడియ తీశాడు. మేరి తువ్వాలు విప్పి, మళ్లీ గొట్టం దించింది. ఈసారి ఎర్రగా వచ్చింది.

"రక్తం" అన్నాడు మేరి వెంట వచ్చిన డాక్టరు.

మేరి గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. "కాదు సార్... సున్నం, లవంగం వాసన."

"ఆయన వక్కాకు ముట్టడు సార్" అంది గుమ్మంలోంచి కమలమ్మ. నిజమే, అతని నాలుక సుద్దలా తెల్లగా ఉంది. భార్య మీద అన్యాయంగా నోరు పారేసుకున్నానని అతనికి అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది.

డాక్టరు ఇవేవీ వినిపించుకోలేదు. "లోపల కారుతున్నట్టుంది. ఆగితే మనిషి దక్కడు. కోయమంటావా?"

ఇన్నేళ్ల బాధ తీర్చే ఆపరేషన్. ఇప్పుడు అదే వద్దు. లోపల ఏదుందో, దానికి దారి తెరవకూడదు. వద్దని చెప్పాలి... నోరు పెగల్లేదు.

"కోయండి సార్."

ఆ గొంతులో భోంచేసిన మనిషి తృప్తి. గది నిండా లవంగం వాసన.

డాక్టరు అతని భుజం తట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. మేరి కదల్లేదు. ఇందాకటి నుంచి ఆమె అతని పెదవులనే చూస్తోంది. అవి మూసే ఉన్నాయి.