పోయినేటి గూడు

పొద్దున్న తొమ్మిదిన్నరకి దేముడమ్మకి స్కాట్లాండులో తెల్లారుతుంది. ఇక్కడ లాలాగూడలో అప్పటికి ఎండ వంటింటి గడప దాటి, భర్త వరహాలబాబు రెండో కాఫీ కూడా అయిపోయి ఉంటుంది. అయినా ఆవిడ రోజు మొదలయ్యేది అక్కడి వెలుగుతోనే. కోడలు భానుప్రియ ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ టీవీ పెట్టిపోతుంది. తెరనిండా ఓ పెద్ద చెట్టు చిటారుకొమ్మ, దాని మీద పుల్లల గూడు, వెనకాల మంచులో మునిగిన సరస్సు. గూట్లో రెండు చేపలగద్దలు.

వాటికి దొర, దొరసాని అని పేర్లు పెట్టింది కొడుకు సూర్య. ఎవరో పుణ్యాత్ములు చెట్టుకి కెమెరా కట్టి గూటిని రాత్రింబవళ్లు నెట్‌లో లోకానికంతా చూపిస్తారని కనిపెట్టి, తల్లికి అలవాటు చేసిందీ వాడే. చలికాలం రెండూ చెరో దారిన ఆఫ్రికా పోతాయి. ఏప్రిల్లో మళ్లీ అదే గూటికి వచ్చి వాలతాయి. "వేల మైళ్లమ్మా! అయినా అడ్రసు మర్చిపోరు," అనేవాడు. మూడేళ్ల కిందట ఓ మాయదారి జ్వరం సూర్యని నాలుగురోజుల్లో పట్టుకుపోయింది. ఆ తర్వాతి ఏప్రిల్లో దొర వచ్చి గూటిమీద వాలగానే దేముడమ్మ టీవీకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. దొర వస్తున్నన్నాళ్లూ తన కొడుకు పూర్తిగా పోనట్టే అని మనసులో ముడి వేసుకుంది.

దొర చేప పట్టి నేరుగా ఇంటికి తేడు. ఏ కొమ్మ మీదో కూర్చుని తల తినేసి, మిగతాది పెళ్లానికి తెస్తాడు. మొదటిసారి అది చూసినప్పుడు, "మగబుద్ధి ఎక్కడున్నా ఒకటే!" అని దేముడమ్మ అంటే, పులుసులో తల ఎప్పుడూ తనకే కావాలనే సూర్య పకపకా నవ్వాడు. వాడు పోయాక ఆవిడ చేపలబజారుకి వెళ్లినప్పుడల్లా తల అక్కడే కొట్టించి వదిలేసి వస్తోంది.

చుట్టాలు మాత్రం ఊరుకోరు. "భాను చిన్నపిల్ల, ఎన్నాళ్లిలా ఉంచుతావు దేముడమ్మా?" అంటారు. "నేనేటి కట్టేసినానా?" అని ఆవిడ గయ్యిమంటుంది. కానీ కోడలు ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్తే చాలు, ఆవిడ చెవులు అటే పడేస్తుంది. ఈ పిల్లా వెళ్లిపోతే ఇంట్లో సూర్య పేరు తలుచుకునేదెవరు?

ఆవేళ పదకొండింటికి పైఅంతస్తు యోగిత లాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగున వచ్చింది.

"ఆంటీ, మీకు నెట్ వస్తుందా? రోడ్డు తవ్వి వైరు తెంపిండ్రంట, మా ఇంట్ల పొద్దున్నించి బంద్. మీటింగ్ షురూ అయింది, ఫుల్ పరేషాన్!"

"మాకొస్తందమ్మా. అదిగో దొర, ఇప్పుడే గూట్లోకి నీలంతాడు ముక్క తెచ్చీసినాడు."

యోగిత టీవీ వెనక్కి తొంగిచూసింది. "ఇది లైవ్ కాదాంటీ. పెన్‌డ్రైవ్‌ల నడుస్తుంది. గిదో, లైటు కొట్టుకుంటలేదా? రూటర్‌ల ఎర్రలైటే ఉంది, మీకు సుత నెట్ లేదు," అని వచ్చినంత వేగంగానే వెళ్లిపోయింది.

దేముడమ్మ నీలంతాడు వైపు చూస్తూ ఉండిపోయింది. పోయినేడు కూడా దొర నీలంతాడే తెచ్చాడు. దొరసాని దాన్ని ఇలాగే రెండుసార్లు విసిరికొట్టి, మూడోసారి ఊరుకుంది. రేవులో పుట్టిన మనిషి, తాడుముక్కని పోల్చుకోలేదా! ఇన్నాళ్లూ పోల్చుకోవాలని లేకపోయింది, అంతే.

"ఏటండీ, ఇది పోయినేటిదా?"

వరహాలబాబు పేపరు ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. ముప్ఫై ఐదేళ్లు రైల్వే వర్క్‌షాపులో సుత్తిదెబ్బల మధ్య పనిచేసిన మనిషికి చెవుడు అవసరానికి వస్తూ పోతూ ఉంటుంది.

"మిమ్మల్నే!"

"కోడలు చెప్పొద్దందే," అన్నాడు పేపరు వెనకనించే.

సాయంత్రం భానుప్రియ వచ్చేసరికి టీవీ ఆర్పేసి ఉంది. సోఫాలో అత్త, ఆవిడ అరచేతిలో పెన్‌డ్రైవు. భానుప్రియ చెప్పుల దగ్గరే ఆగిపోయింది.

"నన్ను పిచ్చిదాన్ని సేసీసినావు గదే! నెలన్నరై పాతబొమ్మకి దండాలు పెడతన్నాను. మీ ఇద్దరూ ఎనకాల నవ్వుకున్నారా?"

"లేదత్తా." భానుప్రియ వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది. "ఈ ఏడు దొర రాలేదు. ఏప్రిల్ అంతా ఆఫీసులో రోజూ చూశాను. దొరసాని పదహారు రోజులు ఒక్కతే కూర్చుంది, ఆకాశంకేసి చూస్తూ. మీకు చెబుదామని వచ్చేదాన్ని. మీరేమో దేవుడిముందు దీపం పెట్టి, 'దొర వచ్చీసాడా గుంటా?' అని అడిగేవారు. మళ్లీ ఆ కబురు నా నోటితోనే చెప్పాలా అత్తా? నావల్ల కాలేదు. పోయినేడు దాచుకున్న వీడియోలే పెట్టేశాను."

సూర్య పోయిన కబురు ఆసుపత్రి నుంచి ఫోనులో చెప్పింది ఈ పిల్లే. దేముడమ్మ పెన్‌డ్రైవు పక్కన పెట్టింది. అయినా కోపం చప్పున దిగితేనా!

"మరి దొరసానేటయింది?"

"కొత్త మగపక్షి వచ్చింది. చేప తెచ్చి పెడితే నాలుగురోజులు ముట్టలేదు. తర్వాత తింది."

"తినీసిందా! అంత తొందరేటొచ్చిందే దానికి? సిగ్గులేకపోతే సరి!"

అన్నది పక్షినే. కానీ కోడలి ముఖం పాలిపోయింది. తలొంచుకుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. దేముడమ్మ అది చూసింది.

"ఇంకేటి దాచినావు?"

మూల కుర్చీలో పేపరు కిందికి దిగింది. "చెప్పమ్మా. అదీ తెలుసుకోనీ," అన్నాడు వరహాలబాబు మెల్లిగా.

"మా ఆఫీసులో అభిరామ్ అని... కాప్రాలో ఉంటాడు. పెళ్లి చేసుకుందామని ఏడాదిగా అడుగుతున్నాడు. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి చెప్పమన్నాడు. వద్దనే చెబుతానత్తా."

"నీకిష్టం లేదా?"

భానుప్రియ అబద్ధం ఆడబోయింది. చేతకాలేదు. "మీరు దొరకోసం చూస్తున్నంతకాలం నేనెలా కదలను?" అని భోరుమంది.

కట్టేశానా అని ఊరందర్నీ దబాయించిన దేముడమ్మకి అప్పుడు తెలిసింది, తాడు కనిపించకుండా ఎలా కట్టిందో. పోయినేటి గూట్లో తనొక్కతే ఉందనుకుంది. ఆ గూట్లో ముప్ఫై రెండేళ్ల పిల్ల కూడా ఉండిపోయింది. ఆవిడ చాలాసేపు ఏడ్చింది, కొడుకు కోసం, ఈ పిల్ల కోసం, తన మొండితనం కోసం. కోడలి జుట్టులో చెయ్యిపెట్టి నిమురుతూనే ఏడ్చింది.

నెట్ వచ్చినట్టుంది, పైనుంచి యోగిత ఇంట్లో టీవీ గోల మొదలైంది.

"లే. ఈ ఏటిది పెట్టు," అంది దేముడమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుని.

తెరమీద అక్కడి మధ్యాహ్నం. సరస్సు ఎండలో తళతళలాడుతోంది. దొరసాని గుడ్లమీద కూర్చుని ఉంది. కాసేపటికి గాలి కదిలి, దొరకంటే సన్నపాటి పక్షి ఒకటి, కాళ్లకింద చేపతో గూటి అంచున వాలింది. తడబడుతూ దాన్ని ముందుకు తోసింది. ఆ చేపకి తల లేదు.

"ఓలమ్మో, ఈడూ తల తినీసే తెచ్చినాడు!" దేముడమ్మ కళ్లనీళ్లతోనే నవ్వేసింది. మూడేళ్లలో ఆ ఇంట్లో అలా నవ్వడం అదే మొదలు. దొరసాని లేచి చోటిస్తే, కొత్తవాడు జాగ్రత్తగా అడుగేసి గుడ్లమీద కూర్చున్నాడు. ముగ్గురూ దీపం పెట్టడం కూడా మర్చిపోయి చూస్తూ కూర్చున్నారు.

ఆదివారం దేముడమ్మే చేపలబజారుకి వెళ్లి పెద్ద బొచ్చె చేప కొంది. కొట్టేవాడు అలవాటుగా తల పక్కన పడేస్తుంటే, "అదీ సంచిలో వెయ్యి," అంది. మధ్యాహ్నం ఆవిడ పిలుపుమీద అభిరామ్ భోజనానికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగకుండా బిగుసుకుని కూర్చున్నాడు. సూర్య ఫొటోకి దండం పెట్టుకుని మరీ కూర్చున్నాడని వరహాలబాబు భార్యకి సైగ చేశాడు.

ఆ ఇంట తల ఎప్పుడూ మగవాడి కంచంలోకే. గరిటెలో అది లేవగానే అభిరామ్ కంచం కాస్త ముందుకు జరిపాడు, పాపం. దేముడమ్మ గరిటె అతన్ని దాటిపోయింది. భానుప్రియ కంచం మీద ఆగి, వేడివేడి అన్నం మీద తలని దించింది. సూర్యకి వేసినట్టే, పైన రెండు గరిటెల పులుసు పోసింది.

భానుప్రియ కంచంకేసి చూసి, అత్తకేసి చూసింది. కళ్లనిండా నీళ్లు.

"ఎక్కడికెళ్లినా ఆదివారం ఇక్కడికి రావాల. తల నీకే దాస్తాను," అంది దేముడమ్మ. "తిను గుంటా, సల్లారిపోద్ది."