శనివారం సాయంత్రం అప్‌డేట్

శనివారం పొద్దున హెప్సిబా ఇడ్లీ తింటూనే లాప్‌టాప్ తెరిచింది. బందరులో ఆమె పనిచేసే చిన్న కంపెనీ చుట్టుపక్కల ఊళ్ళ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. మొన్నటిదాకా అప్‌డేట్ అన్ని షాపులకూ ఒకేసారి వెళ్ళేది. అది ఎక్కేదాకా, మంచి బేరాల వేళ బిల్లులు ఆగిపోయి షాపులవాళ్ళంతా ఫోన్లు చేసి తిట్టిపోసేవారు. ఎవరికి ఎప్పుడు తీరికో కనుక్కుని ఆ వేళకే పంపేలా చూడమని ఓనరు హరిబాబు ఆ పని హెప్సిబాకు అప్పగించాడు.

అవనిగడ్డ మందుల షాపుకు తెల్లవారుజామున, చల్లపల్లి ఎరువుల కొట్టుకు భోజనాల వేళ... అందరికీ ఓపిగ్గా కుదిర్చింది. ఒక్క గుడివాడ జాన్సన్ బట్టల షాపుకు మాత్రం ఈ సాయంత్రం పెట్టింది. క్రిస్మస్ ముందు శనివారం ఆ షాపులో కాలు పెట్టే సందుండదు.

జాన్సన్ ఆమె అక్క ప్రీతి భర్త. ఆ షాపులో బిల్లులు ప్రీతే కొట్టేది. ఓసారి కంప్యూటర్ ఆగిపోయి బిల్లులో ఏదో తేడా వచ్చిందని, నిండు షాపులో "బిల్లు కొట్టడం కూడా రాని దద్దమ్మని నా నెత్తికి చుట్టారు" అని, ప్రీతిని కట్టుబట్టలతో బందరు బస్సెక్కించాడు. మళ్ళీ ఆమె కోసం ఈ గుమ్మం తొక్కలేదు. ప్రీతి అప్పట్నుంచీ చర్చికి కూడా వెళ్ళడం మానేసింది.

"ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?" అంది తల్లి కృపమ్మ.

"ఒకాయన చేసుకున్నదానికి ఇవాళ అనుభవిస్తాడమ్మా."

"పగ తీర్చడం దేవుడి పని. నీది కాదు."

"ఆయన ఆలస్యం చేస్తున్నాడుగా."

సాయంత్రం ప్రీతి ఫోన్ మోగితే స్పీకర్‌లో పెట్టింది. జాన్సన్ షాపులో ప్రీతి కుర్చీలో ఇప్పుడు బిల్లులు కొట్టే అమ్మాయి, కనకరత్నం. ఏడుస్తోంది.

"అక్కా, కంప్యూటర్ ఆగిపోయింది. ఏం నొక్కినా కదలట్లేదు. జనం కేకలేస్తున్నారు. సార్ నేనే పాడుచేశానంటున్నారు..."

వెనక జాన్సన్ గొంతు వినిపించింది. "దద్దమ్మల్ని తెచ్చి కూర్చోబెడితే ఇంతే."

హెప్సిబా పెదవుల మీద నవ్వు అప్పటికింకా చెరగలేదు. ప్రీతి అది చూసి ఫోన్ పెట్టేసింది.

"నువ్వేనా?"

"నేనే. నిన్నన్న మాటలకి నలుగురిలో వాడి పరువు పోవాలి."

"వాడికేం పోయిందే? ఆ పిల్లకి పోయింది. ఆ కంప్యూటర్ ఆగిపోయిన ప్రతిసారీ ఆ కుర్చీలో తిట్లు తిన్నది నేనే. నా కోసమని నువ్వు మళ్ళీ నన్నే అక్కడ కూర్చోబెట్టావు."

హెప్సిబా మొహం పాలిపోయింది. లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. అప్‌డేట్ వెనక్కి తీసి, పాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ నడిచేదాకా కదల్లేదు. తర్వాత జాన్సన్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"బావగారూ, తప్పు మీ కౌంటర్లో అమ్మాయిది కాదు. నాది. కావాలనే చేశాను. సోమవారం మా సార్‌కీ చెప్తాను."

ప్రీతి వైపు ఓసారి చూసి మళ్ళీ అంది.

"దద్దమ్మ అనాలంటే నన్ననండి. ముందు ఆ పిల్లతో ఆ మాట తప్పని చెప్పండి."

జాన్సన్ ఫోన్ పెట్టేశాడు. చెప్పాడో లేదో తెలియలేదు. హెప్సిబా రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ప్రీతి దగ్గరకొచ్చి కూర్చుంది.

"వాణ్ణి ఏం చేయలేకపోయానక్కా."

"వద్దులే. ఈ కంప్యూటర్ ఆగితే ఏం చేయాలో నాకు నేర్పు. కనకరత్నానికి నేను చెప్తాను."

హెప్సిబా కళ్ళు తుడుచుకుని లాప్‌టాప్ అక్క వైపు తిప్పింది.