తాళం వేసిన మోటారు షెడ్డు

చీరాల గడియారస్తంభం దగ్గర, నూలు కొట్టు మీద ఉన్న ఆ చిన్న గదికి బోర్డు లేదు. పాతికేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి, ఉద్యోగం వదిలేసి డిటెక్టివుగా మారిన ప్రేమమ్మ పేరు తెలియని పోలీసు స్టేషన్ ఆ చుట్టుపక్కల లేదు. ఆవిడంటే ఇష్టపడే స్టేషన్ కూడా లేదు.

2009 డిసెంబరు 5, శనివారం ఉదయం. ఆవిడ సహాయకుడు బాజీ ప్రభుత్వాన్ని తిట్టిపోస్తున్నాడు. బాజీ ఆటో నడుపుతాడు. ప్రేమమ్మ ఏం చెప్పినా నోరు తెరుచుకుని వింటాడు.

“పద్దెనిమిది వందలు పోసి కొన్నానమ్మా! మంగళవారం పొద్దున్నే చూస్తే సిగ్నల్ లేదు. చైనా సెట్టని కోసేశారంట. నేనేమన్నా టెర్రరిస్టునా?”

“ప్రతి సెట్టుకీ ఒక నంబరుండాలి, నీదానికి లేదు. ఎవడు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నాడో తెలియకపోతే దేశానికే ముప్పని ఆపేశారు. నువ్వు టెర్రరిస్టువి కాదని వాళ్ళకెలా తెలుస్తుంది బాజీ?”

అప్పుడే మెట్లెక్కి ఒకామె వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయి. చీర మీద బురద ఎండిపోయి ఉంది.

“నా పేరు లిడియా అండి. దర్శి దగ్గర పల్లెటూళ్ళో టీచర్ని. మా తమ్ముడు ప్రభుని కాపాడండి. నిన్న వాడి సెల్ ఫోన్ల కొట్టు తగలబెట్టారు. స్టేషన్లో ఉన్నాడు కాబట్టి బతికున్నాడు.”

ప్రేమమ్మ మంచినీళ్ళిచ్చి, అంతా వరసగా చెప్పమంది.

ప్రభు రైతుల మోటార్లకు ఫోన్ పెట్టెలు బిగిస్తాడు. పెట్టెలోని ఫోనుకు రింగిస్తే చాలు, ఎక్కడున్నా మోటారు ఆన్ అవుతుంది. రెండేళ్ళ కిందట బాపయ్య అనే మిరప రైతుకు అలాంటిదొకటి బిగించాడు. గత నెల ఇరవై ఎనిమిదిన ఆ బోరు కేబులు కాలిపోయి మోటారు ఆగిపోయింది. మొన్న గురువారం బాపయ్య పాలేరు జయరావు షెడ్డు బయట బోరు దగ్గర కేబులు అతుకుతుండగా మోటారు ఆన్ అయింది. కరెంటు కొట్టి జయరావు అక్కడికక్కడే పోయాడు.

“స్టార్టరు, ఫోన్ పెట్టె ఉన్న షెడ్డుకు తాళం ఉంది. వైరు ముట్టుకునే ముందు స్టార్టరు ఆపే ఎర్రబటన్ నొక్కి, తాళమేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకోవడం జయరావు అలవాటు. శవం మీద తాళంచెవి అలాగే ఉందండి. బాపయ్యగారబ్బాయి శ్రీకృష్ణ చీరాల నుంచి ఫోన్ చేశాడంట. ఎర్రబటన్ నొక్కాక ఫోనుకు మోటారు లేవకూడదని మావాడే చెప్పాడు కదా, అయినా లేచింది కాబట్టి పెట్టెదే తప్పంటున్నాడు. జయరావు భార్య అంకమ్మ చర్చి గేటు దగ్గర నా మీద బురద కొట్టింది.”

“పెట్టెలో ఏ ఫోను పెట్టాడు మీవాడు?”

“పాత కంపెనీ సెట్టేనండి. చైనావి వాడడు.”

ప్రేమమ్మ చెప్పులేసుకుంది.

ఆటో ఊళ్ళోకి వెళ్ళగానే ఒక రాయి వచ్చి టాపుకు తగిలింది. “మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చావే?” అని ఎవడో అరిచాడు. నాలుగు రోజుల కిందట వీళ్ళే తమ ఫోన్లు బాగుచేయమని ప్రభు కొట్టు ముందు వరస కట్టారు. మనుషుల కృతజ్ఞత ఎన్నాళ్ళుంటుందో చూడాలంటే ఇలాంటి ఊళ్ళకే వెళ్ళాలి.

పొలం దగ్గర ఎస్సై ఎదురయ్యాడు. “ఫోన్లు కలిపే ఆవిడకి ఇక్కడేం పని?” అన్నాడు.

“కలవని ఫోన్లు కూడా చూస్తాను బాబూ” అంది ప్రేమమ్మ.

శ్రీకృష్ణకు దర్శిలో విత్తనాల షాపుంది. నలగని చొక్కా, నెమ్మదైన మాట. తన గుత్తిలోంచి ఒక చెవి తీసి షెడ్డు తాళం తెరిచాడు.

“రెండో తాళంచెవి మీ దగ్గరుంటుందా?”

“షాపు సరుకు ఇక్కడే పెడతానండి.”

స్టార్టరు పక్కన మిరప విత్తనాల ఖాళీ కవర్ల కట్టలు, కవర్లు అతికించే మిషను ఉన్నాయి. ప్రేమమ్మ ఫోన్ పెట్టె మూత తీసింది. లోపల పెద్ద పెద్ద అంకెలు, వెనక నాలుగు స్పీకర్లు ఉన్న ఫోను వెలుగుతోంది. “అచ్చం నా ఫోనే!” అన్నాడు బాజీ. ఆవిడ మూత వేసేసింది.

“గురువారం ఏం జరిగింది బాబూ?”

“పదకొండూ పదికి చీరాల బస్టాండులో ఉన్నానండి. జయరావు ఆ రోజే కేబులు అతుకుతాడని నాకు తెలీదు, అయిపోయిందనుకుని ఫోన్ చేశా. ఇదిగో, నా ఫోన్లో టైముంది.”

“రింగు వినిపించిందా? మధ్యలో ఎవరైనా మాట్లాడారా?”

“ఎవరు మాట్లాడతారండీ? స్పష్టంగా రెండు రింగులు విని కట్ చేశా.”

అంకమ్మ తన ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉంది. లిడియాను చూడగానే లేచింది. “దీన్ని నా కళ్ళముందుంచొద్దు!”

ప్రేమమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “జయరావు మనసులో ఏదన్నా పెట్టుకున్నాడా అమ్మా?”

“ఏంటో మరి, నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఊళ్ళో మిరప తోటలు చూశారుగా, ఆకే తప్ప కాయ లేదు. అయి చూసి ఏడ్చేవాడు. ఆదివారం గుళ్ళో ప్రార్థన దగ్గర సాక్ష్యం చెప్పాలి, చినబాబుక్కూడా చెప్పేశా అన్నాడు. ఏం సాక్ష్యమో నాకు చెప్పలా.”

సాయంత్రం బాపయ్య ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టించింది ప్రేమమ్మ. ఎస్సై విసుగ్గా వాచీ చూసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ప్రహరీ చుట్టూ మూగి, టీచరమ్మను వినబడేలాగే తిడుతున్నారు. బాజీ ఫోన్ పెట్టె తెచ్చి, ప్లగ్గు పెట్టి, బల్ల మీద ఉంచాడు.

“ఎస్సై గారూ, ఈ పెట్టె నంబరుకు మీ ఫోనులోంచి చెయ్యండి.”

చేశాడు. అతని ఫోను స్పీకర్లోంచి ఆడగొంతు వినిపించింది. మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదు అంది. పెట్టెలో ఫోను మాత్రం వెలుగుతూనే ఉంది.

ప్రేమమ్మ ఆ ఫోను మీద స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కింది. తెర నిండా సున్నాలొచ్చాయి. “ఇది నంబరు లేని చైనా సెట్టు. మంగళవారం నుంచి ఇలాంటివాటికి సిగ్నల్ ఆపేశారు. మా బాజీది కూడా ఆ రోజే పోయింది. గురువారం దీనికి రింగు ఎలా వచ్చింది?”

“ప్రభుగాడు మోసం చేసి చైనాది పెట్టాడన్నమాట!” అన్నాడు శ్రీకృష్ణ వెంటనే.

“వాడు పెట్టలేదురా” అన్నాడు బాపయ్య. ముసలాయన గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది. “నేనే మార్చా. మోటారుకు మంచి ఫోనెందుకని, సిమ్ము ఉంచేసి నా చైనా సెట్టు దాన్లో పెట్టా. ఆర్నెల్లయింది. ప్రభు పెట్టింది ఇదిగో, నా జేబులోనే ఉంది.”

శ్రీకృష్ణ గబుక్కున తండ్రి జేబు వైపు చూశాడు.

“మీ అబ్బాయికి ఆ సంగతి తెలీదు” అంది ప్రేమమ్మ. “మోటారు మూలపడి ఉండటంతో సిగ్నల్ పోయిందని ఎవరూ గమనించలేదు. నిజంగా చెవి దగ్గర పెట్టుకుని ఉంటే ఇతనికి ఇప్పుడు మనం విన్న ఆడగొంతే వినిపించేది. వినలేదు. ఫోన్లో టైము పడటం కోసం నొక్కి కట్ చేశాడు. ఆ రెండు రింగులూ కల్పించి చెప్పినవి. ఫోను మోటారు వెయ్యలేదు, ఎవరో చేత్తో వేశారు. తాళం వేసిన షెడ్డులోకి వెళ్ళాలంటే తాళంచెవి కావాలి. ఒకటి జయరావు మొలతాడుకుంది. రెండోది మధ్యాహ్నం మన ముందే ఇతని గుత్తిలోంచి వచ్చింది.”

“ఎందుకు చంపుతాను? మా పాలేరే కదా!”

“ఆ షెడ్డులో నువ్వు నకిలీ గింజలు కవర్లలో పోయించి ఊరందరికీ అమ్మావు. పోసింది జయరావు. కాయని తోటలు చూసి తట్టుకోలేకపోయాడు. ఆదివారం గుళ్ళో నిలబడి చెప్పేస్తానని ముందుగా నీకే చెప్పాడు, పాపం, యజమానివని. ఎస్సై గారూ, గురువారం పదకొండూ పదికి ఇతని ఫోను చీరాల టవరు కింద ఉందో, ఈ ఊరి టవరు కింద ఉందో కంపెనీవాళ్ళు రాసిస్తారు. ఆ గింజలు కూడా పరీక్షకు పంపండి.”

ప్రహరీ చుట్టూ తిట్లు ఆగిపోయాయి. అంకమ్మ లేచి లిడియా దగ్గరికి వచ్చి, ఆమె చీర మీద ఎండిన బురద తన కొంగుతో తుడవబోయింది. లిడియా ఆమెను చూడలేదు. “మా తమ్ముణ్ణి ఎప్పుడు వదులుతారు?” అని ఎస్సైని అడిగింది. కొట్టు కాల్చినవాళ్ళను అంత తొందరగా క్షమించాల్సిన అవసరం ఆమెకేమీ లేదు.

“ఈ పెద్దాయన ఫోను సంగతి రాసిస్తే ఇప్పుడే వదులుతా” అన్నాడు ఎస్సై.

శ్రీకృష్ణ తండ్రి మోకాళ్ళు పట్టుకున్నాడు. “నాన్నా, గుర్తులేదని చెప్పు. ఎప్పుడు మార్చావో, ఎవరు మార్చారో తెలీదని చెప్పు. అదొక్కటీ చాలు నాకు.”

బాపయ్య ప్రేమమ్మ వైపు తిరిగాడు. “నేనా ఫోను మార్చకపోతే ఏమయ్యేదమ్మా?”

“నిజం బయటపడేది కాదు. ప్రభు జైలుకు పోయేవాడు.”

“వీడు?”

“మీతో కలిసి అన్నం తినేవాడు.”

ముసలాయన చాలాసేపు కొడుకు తల మీద చెయ్యి వేసి ఉంచాడు. జయరావు పదిహేనేళ్ళు ఆ ఇంటి పెరట్లో అన్నం తిన్నాడు. తర్వాత బాపయ్య చెయ్యి తీసి ఎస్సైతో, “రాసుకోండి. మార్చింది నేనే” అన్నాడు. సంతకం దగ్గర పేరు పూర్తిగా రాసి, జేబులోంచి ప్రభు పెట్టిన ఫోను తీసి ఆ కాగితం పక్కన పెట్టాడు.