అమ్మీ కళ్ళకు ఆరామ్

నల్లా బందయ్యేలోపు డ్రమ్ములు నింపాలి. తమ్ముడు సుఫియాన్ తూప్రాన్ కంపెనీ బస్సు అందుకునేలోపు టిఫిన్ కట్టాలి. రేపు అబ్బా బర్సీ, ఆయన పోయి ఏడాది. చుట్టాలకు మళ్ళొకసారి ఫోన్ చేయాలి. బగారాకు బియ్యం ఏరాలి. బడికి సెలవు అడగాలి. అన్నిటికన్నా ముందు అమ్మీ కళ్ళ మీదికి కీరదోసకాయ కోయాలి.

సానియా ఆ చివరి పనితోనే పొద్దు మొదలుపెట్టింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. మెదక్‌లోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది. ఏ బాధకైనా ఎక్కడో ఒక ఉపాయం ఉంటుందని ఆమె నమ్మకం. తల్లి సాలెహా చాన్నాళ్ళుగా కళ్ళు మంటలని, కణతలు గుంజుతున్నాయని అంటోంది. సానియా చేయని ఉపాయం లేదు. రోజ్ వాటర్‌లో తడిపిన దూది మూసిన రెప్పల మీద పెట్టింది. అరచేతులు రుద్ది వెచ్చగా కప్పింది. ట్యూబులైటును తల్లి కూర్చునే మూలకు మార్పించింది. కాసేపు చదవగానే వాకిట్లోకి వచ్చి ఖిల్లా గుట్ట దిక్కు చూడాలని, రెప్ప కొట్టడం మరవొద్దని రూలు పెట్టింది. సాలెహా కూతురు చెప్పినవన్నీ చేసేది. పొద్దుగూకేసరికి మళ్ళీ నొసలు పట్టుకుని కూర్చునేది.

గిన్నె తిరిగిచ్చేందుకు వచ్చిన పక్కింటి పద్మమ్మ, కళ్ళ మీద కీరదోస ముక్కలతో పడుకున్న సాలెహాను చూసి గడపలోనే ఆగింది.

"ఏం వదినె, జర ఉల్లిగడ్డ, నిమ్మకాయ గూడ పెట్టకపోయిండ్రా? బగారాల నంజుకుందుము."

"నవ్వియ్యకు పద్మమ్మా. ముక్క జారితే మా టీచరమ్మ బెంచీ ఎక్కిస్తది."

సానియా కూడా నవ్వి నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. డ్రమ్ములు నింపి వచ్చేసరికి పద్మమ్మ లేదు. కీరదోస ముక్కలు పళ్ళెంలో ఉన్నాయి. సాలెహా కళ్ళద్దాలు పెట్టుకుని, చెక్క రెహల్ పీట మీద తెరిచిన ఖురాన్ మీదికి ముక్కు తగిలేంతగా వంగి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

కౌడిపల్లి దగ్గరి పల్లెలో తెలుగు మాటల మధ్య పుట్టి పెరిగిన సాలెహాకు పెళ్ళయ్యేదాకా ఏ అక్షరమూ తెలియదు. సైకిళ్ళ కొట్టు కట్టేసి వచ్చాక, నూనె చేతులు కడుక్కుని, భర్త మహమూద్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని అలీఫ్ నుంచి నేర్పాడు. ఇప్పుడు ఆయన పేరు మీద ఖురాన్ ముప్పై పారాలూ చదివి బర్సీ నాటికి ముగించాలని ఆమె మొక్కు. ఇంకా రెండు పారాలు మిగిలాయి.

"అమ్మీ, ఇగ చాలు." సానియా పుస్తకాన్ని మెల్లగా మూసి, కళ్ళకద్దుకుని, గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేసింది. "మిగిలింది మదర్సా పిల్లలతోని చదివిపిద్దాం."

"పిల్లలు సదివితే పిల్లలదైతది. నాది యాడికెళ్ళి అస్తది?"

"నీ కండ్లు చూస్కున్నవా అద్దంల?"

"కండ్లు నావి. దించు దాన్ని."

"దించ."

సాలెహా గొంతు పెంచలేదు. "నీకు బీయెస్సీ సదివిపిచ్చిండు మీ అబ్బా. నాకు గిదొక్కటి సదివిపిచ్చిండు. గిది గూడ గుంజుకుంటవా?"

సానియా బీరువాకు ఆనుకుని నిలబడిపోయింది. "గుంజుకుంటలేనమ్మీ. నాకు భయమైతుంది. ఏం జేసినా తగ్గుతలేదు. ఇంకేం జెయ్యాల్నో నాకు సమజైతలేదు."

సాలెహా కళ్ళద్దాలు తీసి చాప మీద పెట్టి, గోడవైపు తిరిగింది. ఏం చేయాలో తోచక సానియా వాటిని చున్నీతో తుడిచింది. మరకలు పోయాయో లేదో చూద్దామని తన కళ్ళకు పెట్టుకుంది. నేల ఒక దిక్కు ఉబ్బి లేచింది. ఒక అద్దం గట్టి పవరు, రెండోది ఉత్త గాజు. తీసి చూస్తే కాడకు మర ఊడినచోట నల్లదారం చుట్టి ఉంది. ఆ దారం చుట్టింది అబ్బా. ఒక కంటికే శుక్లం ఆపరేషనైంది అబ్బాకు. ఇవి ఆయన అద్దాలు.

"అమ్మీ, నీ కళ్ళద్దాలేవి?"

సాలెహా గోడ దిక్కే చూస్తూ చెప్పింది.

"మీ అబ్బా పోయి, మయ్యత్తు లేచిన్నాడే పలిగినయ్. గా మందిల ఎవరి కాలు పడ్డదో. ఇగ నేను ఇద్దత్‌ల ఉంటి. గడప దాటి ఎట్ల పోతా?"

భర్త పోయిన ఆడమనిషి ఇల్లు కదలకుండా గడిపే నెలలవి.

"దవాఖానకైతే పోవచ్చమ్మీ. అడిగితే మౌలానా సాబే చెప్తుండె."

"అడగబుద్ధి కాలే. షెల్ఫుల మీ అబ్బావి కనవడ్డయ్, పెట్టుకున్న. ఇద్దత్ అయినంక తియ్యబుద్ధి కాలే. గవి పెట్టుకుంటే నా మొకం మీద ఆయన చెయ్యి ఉన్నట్టుంటది బేటా."

సానియా చాప మీద కూలబడింది. ఏడాదిగా ఆ కళ్ళకు వెలుతురు చూసింది, దూది చూసింది, నీళ్ళు చూసింది. ఆ కళ్ళ మీద ఏమున్నదో చూడలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కళ్ళకు రోగమేమీ లేదని, పడని అద్దాలతో చదివి చదివి అలిసిపోయాయని ఆయన చెప్పాడు. కానీ కొత్త అద్దాలు హైదరాబాద్ నుంచి రావాలట. రేపటికి కావట. సానియా ఎంత బతిమాలినా అద్దాల షాపువాళ్ళు కాదు కాదన్నారు.

బర్సీ నాడు చుట్టాలు తిని వెళ్ళాక, సానియా చేతులు, మొహం, కాళ్ళు కడిగి వజూ చేసుకుని వచ్చి బీరువా మీది నుంచి పుస్తకం దించింది. చిన్నప్పుడు అబ్బా కూర్చోబెడితే పరీక్షలున్నాయని తప్పించుకున్న పిల్ల ఆమె. ఇప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. సాలెహా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఆగినవేంది?"

"వస్తలేదమ్మీ."

"నూన్ అక్షరం ముక్కులకెళ్ళి రావాలె. ఉరకకు. మీ అబ్బా నాకు గట్లనే చెప్తుండె."

మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు జారాయి. అలవాటుగా దూది కోసం చేయి చాచిన సానియా మళ్ళీ వెనక్కి తీసుకుని, వేలు అక్షరం మీద పెట్టింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి సగం పారా కూడా కాలేదు. మొక్కిన రోజు దాటిపోయింది. ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

"ఉండనియ్యి," అంది సాలెహా, కళ్ళు తెరవకుండానే. "రేపు గూడ సదువుతవ్ గదా."

ఇంతదాకా చదివిన మీ కళ్ళు కూడా అలిసే ఉంటాయి. ఒక్క క్షణం రెప్పలు మూయండి. మూసినప్పుడు, నూనె చేతులు కడుక్కుని వచ్చి భార్యకు అక్షరాలు నేర్పిన మహమూద్‌ను మీ ప్రార్థనలో, దువాలో తలుచుకోండి.