అరవై నాలుగు అక్షరాలు

కరెంటు పోలేదు. ఎవరో తీశారు.

ఎదురు మేడలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. పక్కనున్న జిరాక్స్ కొట్లో ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. ఈ ఒక్క భవనానికే, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకు, కింద మెయిన్ ఫ్యూజు పీకేశారు.

మాస్టారు కిటికీ తెర వేలెడంత తప్పించి చూశాడు. వీధికి అవతల బూడిదరంగు కారు. లోపల ఇద్దరు మనుషులు, చెరొక పేపరు. పావుగంటగా ఇద్దరిలో ఒక్కరూ పేజీ తిప్పలేదు.

"ఎంతమంది?" అంది నెమలి మంచం మీద నుంచి.

"ఇద్దరు."

"అయితే వెనక సందులో ఇంకో ఇద్దరుంటారు. మా వాళ్ళకి జంటలంటే ఇష్టం." పచ్చ సిల్కు కోటు మడత సర్దుకుని, నల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఎంతయింది మాస్టారూ?"

"తొంభై ఏడు శాతం."

బల్ల మీద సబ్బుపెట్టెంత కంప్యూటర్. మూత లేని బోర్డు మీద పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది. గోడ ప్లగ్గుకూ దానికీ మధ్య ముందుజాగ్రత్తగా పవర్ బ్యాంకు పెట్టాడు కాబట్టి ప్రాణంతో ఉంది. ఐదు వాట్లు చాలు దానికి. కానీ పవర్ బ్యాంకులో మిగిలింది ఆరు శాతమే.

"పందొమ్మిది గంటల నుంచి ఈ పీనాసి కంప్యూటర్ మొహం చూస్తున్నాం. లోకంలో పెద్ద కంప్యూటర్లే లేవా?"

"పెద్దవన్నీ మా ఆఫీసువి. అనుమానమే మా ఆఫీసు మీద. దీన్ని పాత సామాన్ల కొట్లో కొన్నాను. ఇందులో నడిచే ప్రతి లైనూ నేను చదివినదే."

"నన్ను కూడా అలా చదవచ్చుగా?"

"నువ్వు ఓపెన్ సోర్స్ కాదు."

నెమలి నవ్వింది. ఏడేళ్ళుగా రెండు దేశాల ఉప్పూ తింటున్న మనిషి నవ్వు అది. ఏ దేశం కోసం నవ్విందో చెప్పడం కష్టం.

మాస్టారు పనిచేసే చోటికి బయట 'తూనికలు, కొలతల కార్యాలయం' అని బోర్డు ఉంటుంది. లోపల తూచేది వేరే సరుకు. విదేశాల్లో ఆ శాఖకు పదకొండు మంది ఏజెంట్లు. ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి చిన్న కంప్యూటరే ఉంటుంది. బ్యాటరీ మీద పగలూ రాత్రీ నిద్రపోతూ ఉంటుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి రెండు నిమిషాలు లేచి, ఆఫీసు డాబా మీదున్న రిలేతో మాట్లాడి, కబురు ఇచ్చిపుచ్చుకుని మళ్ళీ పడుకుంటుంది. అందులో నడిచేది లినక్స్ అనే సిస్టమ్. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా సరిచూడచ్చు. దాన్ని కత్తిరించి కుట్టి, శాఖకు సరిపడేలా తయారుచేసినవాడు మాస్టారు. కొత్తవాళ్ళకు పాఠం చెప్పేవాడూ ఆయనే కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

మూడు నెలల కింద ఆ సిస్టమ్ ఎక్కించిన కొత్త మెమొరీ కార్డులు ఆఫీసు కార్డుల గది నుంచి ఏజెంట్లకు వెళ్ళాయి. ఆ మూడు నెలల్లో ఐదుగురు పోయారు. ఒకరు లిఫ్టులో, ఒకరు ఈతకొలనులో, ముగ్గురు వాళ్ళ వాళ్ళ మంచాల మీద.

నిన్న మధ్యాహ్నం కళ్ళద్దాల షాపులో, ఫ్రేములు పెట్టుకుని చూస్తున్నట్టు నటిస్తూ నెమలి చెప్పింది: "మీ వాళ్ళని పట్టిస్తున్నది మీ కార్డులే. ఎక్కడున్నారో అవే చెబుతున్నాయి. ఇన్నాళ్ళూ మీ రిలే ద్వారా ఒక్కొక్క కార్డునే అడిగాం. రేపు నాలుగింటికి మిగతా ఆరుగురి కార్డుల్నీ ఒకేసారి అడుగుతాం. మనుషులు సిద్ధంగా ఉన్నారు. నాకు పాస్‌పోర్టు కావాలి."

ఆ ఆరుగురిలో ఒకమ్మాయి మాస్టారు కూతురు.

ఆయన పరుగున వెళ్ళి పెద్దాయనకు చెప్పాడు. శాఖాధిపతిని అందరూ పెద్దాయన అనే అంటారు. పెద్దాయన పెన్ను మూత కూడా తీయలేదు. "నెమలి మాట మీద రిలే ఆపమంటావా? రిలే ఆగితే రూలేంటి? కార్డు కాల్చేసి, ఎవరి దారిన వాళ్ళు మాయమైపోవాలి. మళ్ళీ మనకి ఎప్పటికీ దొరకరు. పదేళ్ళ కష్టం. సరిగ్గా అదే చేయించాలని శత్రువు పంపించాడేమో ఆవిడని? రుజువు తీసుకురా, ఆపుతాను."

ఆఫీసులో ఏ కాగితాన్నీ నమ్మలేనప్పుడు రుజువుకు ఒక్కటే దారి. బహిరంగంగా దొరికే అసలు సోర్స్ కోడ్ తీసుకుని, శాఖ వాడిన పద్ధతిలోనే మళ్ళీ మొదటినుంచీ కంపైల్ చేయాలి. అదే ముడిసరుకు, అదే వరస అయితే అదే సిస్టమ్ వస్తుంది. ఒక్క చుక్క తేడా ఉన్నా దాని వేలిముద్ర మారిపోతుంది. వేలిముద్ర అంటే అరవై నాలుగు అక్షరాల వరస. తన పర్సులో మూడు నెలలుగా వాడకుండా పడి ఉన్న కార్డూ ఆ కార్డుల గదిలో తయారైనదే. రెంటి వేలిముద్రలూ కలిస్తే నెమలి అబద్ధం. కలవకపోతే ఆఫీసు అబద్ధం.

నెమలి అబద్ధమైతే బాగుండునని మాస్టారు పందొమ్మిది గంటలుగా కోరుకుంటున్నాడు.

మూడు ముప్ఫై ఒకటికి పచ్చలైటు నిలకడగా వెలిగింది. పవర్ బ్యాంకు ఒక శాతం. తన కార్డు రీడర్‌లో పెట్టాడు. అరచేయంత తెర మీద రెండు వరసలు, ఒకదాని కింద ఒకటి వచ్చాయి.

నెమలి వంగి చూసింది. "మొదటి నాలుగూ ఒకటే. చివరి నాలుగూ ఒకటే." ఆమె గొంతులో మొదటిసారి భయం వినిపించింది. "మాస్టారూ, నా మాట తప్పా? నన్ను కూడా మోసం చేశారా?"

"మధ్యలో చదువు."

చదివింది. ఐదో అక్షరం కలవలేదు. ఆరోది కలవలేదు. ఇరవయ్యోదాకా వచ్చి ఆపేసింది.

తెర ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

మాస్టారు కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. ముందు నాలుగు, వెనక నాలుగు కలిసేలా దొంగ సిస్టమ్ తయారు చేయడం మంచి కంప్యూటర్‌కి ఒక రోజు పని. అరవై నాలుగూ కలిసేలా చేయడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ ఎనిమిదే చాలని ఎవరికి తెలుసు?

ఇద్దరికి తెలుసు.

కార్డు బయటికి పంపే ముందు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు రిజిస్టరులోని అసలు వేలిముద్ర పైకి చదవాలి, రెండోవారు తెర మీద కార్డు వేలిముద్ర చూస్తూ టిక్కు పెట్టాలి. అరవై నాలుగు అక్షరాలూ. అదీ రూలు. పన్నెండేళ్ళుగా ఆ బల్లకు అటూ ఇటూ కూర్చున్నది కార్డుల గది అధికారీ, మాస్టారూ. మొదటి ఏడాది అన్నీ చదివారు. తరవాత టీ చల్లారిపోతోందని ముందు నాలుగు, వెనక నాలుగు చదవడం మొదలుపెట్టారు. రిజిస్టరులో మాత్రం 'పూర్తిగా చదివితిమి' అనే రాశారు. ఆ బద్ధకం సంగతి మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఉద్యోగాలు ఊడేవి.

కార్డుల గది అధికారి మాస్టారు అక్క మొగుడు.

ఫోన్ తీసి ఆఫీసు నంబరు నొక్కాడు. ఆపరేటర్ ఎత్తింది.

"పెద్దాయన ఉన్నారా?"

"మీటింగుకి బయటికెళ్ళారు మాస్టారూ, నాలుగింటికి వస్తారు. ఫోను ఇక్కడే పెట్టి వెళ్ళారు. అర్జెంటా? మీ బావగారికి కలపమంటారా?"

"వద్దమ్మా."

"పోనీ మీరు చేశారని చెప్పనా?"

అప్పటికే పెట్టేశాడు. ఎవరికీ చెప్పొద్దనకుండా పెట్టడం పొరపాటని పెట్టాకే తెలిసింది.

నెమలి లేచి కళ్ళద్దాలు పెట్టుకుంది. "నేను ముందు తలుపు నుంచి వెళ్తాను. నన్ను చూస్తే నలుగురూ ముందుకే వస్తారు. నెమలిని ఎవరూ వెనక నుంచి చూడరు కదా."

"పాస్‌పోర్టు?"

"మీ ఆఫీసు ఫోటోలు ఘోరంగా తీస్తుందిట. వద్దులెండి." గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్కటి చెప్పండి. చివరికి నన్ను నమ్మారా?"

"లేదు. లెక్కని నమ్మాను."

"నయం. నమ్మానంటే ఇక్కడే కూలబడేదాన్ని."

మెట్ల మీద మడమల చప్పుడు దిగిపోయింది. మాస్టారు కింద డ్రై క్లీనింగ్ షాపులోకి దూరి, కొక్కేనికి వేలాడుతున్న ఎనిమిది కోట్లు భుజాన వేసుకుని వెనక సందులోంచి బయటపడ్డాడు. సందులో ఎవరూ లేరు. వీధి వైపు కారు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. అరుపు వినిపించలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది.

ఆఫీసు నడిస్తే ఇరవై అయిదు నిమిషాలు. యాభై మూడేళ్ళ మనిషి ఎనిమిది కోట్లతో పరుగెత్తితే పద్దెనిమిది. గేటు దగ్గర వాచ్‌మన్ పకపకా నవ్వాడు.

"ఏంటి మాస్టారూ, జీతం చాలట్లేదా? పార్ట్‌టైమా?"

"అవునయ్యా, చాలట్లేదు" అని కోట్లు అతని చేతుల్లో పడేసి మెట్లెక్కాడు. నాలుగు అంతస్తులు. డాబా తలుపు తీసేసరికి మూడు యాభై ఆరు.

బావ అక్కడే ఉన్నాడు. రిలే ఉన్న ఇనుప పెట్టెకు ఆనుకుని, పిట్టగోడ మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. పెట్టెకు తాళం. తాళంచెవి బావ చిటికెన వేలికి ఉంగరంలా తిరుగుతోంది.

"రా బావమరిదీ. ఫోన్ చేశావట, ఆపరేటర్ చెప్పింది. కూర్చో, రొప్పుతున్నావ్. ఈ వయసులో పరుగులేంటి?"

"తాళంచెవి ఇవ్వు బావా."

"నాలుగు నిమిషాలాగు, ఇస్తాను."

మాస్టారు సోలార్ పలక వంక చూశాడు. దాన్ని పగలగొట్టినా లాభం లేదు. లోపల బ్యాటరీ మూడు రోజులు నడుపుతుంది. ఎండ లేకపోయినా, కార్డు పాడైనా ఆగకుండా, అంత మొండిగా దాన్ని తయారుచేసింది తనే.

"ఎందుకు బావా?"

"మొదటిసారి వాళ్ళు అడిగితే భయపడి కార్డులు ఇచ్చాను. రెండోసారి, మొదటి సంగతి బయటపడుతుందని ఇచ్చాను. ఆ తరవాత ఎందుకని వాళ్ళూ అడగలేదు, నేనూ అడగలేదు." బావ గొంతు తగ్గించాడు. "ఒరేయ్, చిన్నదాని కార్డు నేను ముట్టుకోలేదు. ఒట్టు. అది నీ అసలు సిస్టమే. మన పిల్లకి ఏమీ కాదు. ఇంకో మూడు నిమిషాలు నువ్వు ఇక్కడికి రానట్టే అనుకో. మీ అక్క మొహం చూసి అనుకో. రేపు నాలుగింటికి చిన్నది ఎప్పటిలాగే మాట్లాడుతుంది."

అది నిజమే కావచ్చు. నిజమైతే లెక్క ఇంకా దారుణం. రిలే ఆగితే కూతురు కూడా రూలు ప్రకారం కార్డు కాల్చేస్తుంది. పేరు మార్చుకుని, దేశం మార్చుకుని, మాయమైపోతుంది. ఆ రూలు దానికి నేర్పింది మాస్టారే. ఒకసారి కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాకా నేర్పాడు. ఆపకపోతే ఐదుగురు పోతారు, ఒకరు మిగులుతారు. ఆపితే ఆరుగురూ బతుకుతారు, ఒక్కరూ మిగలరు.

మూడు యాభై తొమ్మిది.

పెట్టె మీద నుంచి యాంటెనాకు చిటికెన వేలంత లావు వైరు వెళ్తోంది. మాస్టారు రెండు చేతులా దాన్ని పట్టుకుని, పిట్టగోడ ఎక్కి, అవతలికి వేలాడాడు. నాలుగంతస్తుల కింద వాచ్‌మన్ కోట్లు పట్టుకుని నోరు తెరుచుకు చూస్తున్నాడు. వైరు సాగింది. తెగలేదు. బావ లేచి వచ్చి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, చంటిపిల్లాడి గుప్పిట్లోంచి బొమ్మ తీస్తున్నట్టు విప్పాడు.

మూడో వేలు విప్పుతుండగా యాంటెనా మొదట్లో వైరు ఊడింది. మాస్టారు కిందికి జారాడు. పెట్టె వైపు కొస ఊడకపోవడంతో కింది అంతస్తు సన్‌షేడ్ మీద కాళ్ళు ఆనాయి. మోకాలు పగిలింది. తలెత్తి చూశాడు. పెట్టె మీది ఎర్రలైటు నాలుగు గంటలకు ఒకసారి వెలిగి, ఎవరి జవాబూ రాక, ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది.

ఆరు దేశాల్లో, ఆరు గదుల్లో, ఆరుగురు అగ్గిపుల్లలు వెతుక్కుంటున్నారు.

పెద్దాయన ఇద్దరు గార్డులతో డాబా మీదికి వచ్చేసరికి దాచేదేమీ లేనట్టు బావ పెట్టె తాళం తీసి ఉంచాడు. మాస్టారును పైకి లాగడానికి చెయ్యి కూడా అందించాడు.

"సార్, తెంపేశాడు సార్" అన్నాడు బావ, రొప్పుతూ. "నిన్నటి నుంచి ఆ నెమలితో ఒకే గదిలో ఉన్నాడు. పదేళ్ళ నెట్‌వర్క్! కార్డుల్లో తేడా ఉందంటాడు. రిజిస్టరు చూసుకోండి సార్, ప్రతి పేజీలో టిక్కులు ఇతనివే. నా చేతిరాత ఎక్కడా ఉండదు."

పెద్దాయన మాస్టారు వైపు తిరిగాడు. "రుజువు?"

మాస్టారు జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. "దీని వేలిముద్ర రిజిస్టరుతో పోల్చండి. అన్ని అక్షరాలూ పోల్చాలి. ముందు నాలుగు, వెనక నాలుగే కలుస్తాయి."

"అన్నీ చదివామని రిజిస్టరులో ఉందే?"

"చదవలేదు సార్. పదకొండేళ్ళు."

పెద్దాయన కార్డును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. పోయిన ఐదుగురి ఫైళ్ళ మీద తుది సంతకాలు ఆయనవే. "అంటే ఆ ఎనిమిదే చూస్తారని తెలిసినవాళ్ళు ఇద్దరే. రిజిస్టరు కాగితాలన్నీ నీ మీదికే వస్తాయి, తెలుసా? నెమలి ఎక్కడ?"

"కారెక్కింది."

"సాక్షి కూడా లేదన్నమాట. ఇద్దరిలో ఎవరు? గార్డుల ముందు పైకి చెప్పు. ఒకసారి చెబితే వెనక్కి తీసుకోవడం ఉండదు."

బావ మాస్టారు వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. అక్క ఉంది, పండక్కి పబ్బానికి కలిసిన ఇల్లుంది, అంతే. మాస్టారు మోకాలి మీది రక్తం తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

"దొంగ మా బావ సార్. చదివింది ఆయన, టిక్కు పెట్టింది నేను. విచారణకి కింద రెండు కుర్చీలు వేయించండి."