మూరెడు కఫన్ గుడ్డ

ధర్మవరంలో ఆ ఉదయం పక్కింటి మగ్గం ఎప్పటిలాగే ఎండ రాకముందే మొదలైంది. బెంగళూరు రైలుకు బయల్దేరుతున్న సఫియా బ్యాగులో తల్లి జరీనా జొన్నరొట్టెలు సర్దింది. వాటి పక్కన మడతపెట్టిన మూరెడు తెల్లగుడ్డ కూడా పెట్టింది.

"ఇదేందమ్మా?"

"మీ నాయనకు చుట్టిన కఫన్‌లో మిగిలింది. ఆడ ఉండేదాన్ని దీంట్లో చుట్టుకోని రా."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. పోయిన నెల, నాయన బాబావలి నలభయ్యో దినం ఫాతెహా నాడు, ఏడుస్తున్న తల్లిని ఓదార్చబోయి సఫియానే అంది: "నాయన పూర్తిగా పోలేదమ్మా. మా ల్యాబులో ఆయన కణాలు బతికే ఉండాయి." రెండేళ్ల కిందట ఆయనే నవ్వుతూ చెయ్యి చాపి, కూతురి పరిశోధనకని గోరంత చర్మం ఇచ్చాడు. ఆ మాట విన్నప్పటి నుంచి జరీనాకు కంటిమీద కునుకు లేదు. గిన్నె కదిలినా ఉలిక్కిపడుతోంది.

"సగం మట్టిలో, సగం గాజులో! ఆయప్ప రూహుకు శాంతి లేదు, వాకిట్లోనే తిరుగుతాండాది."

"అది మనిషి కాదమ్మా. ఉత్త కణాలు."

"బతికుండాదని నువ్వే అంటివే! ఏం చేస్తాండావు దాన్ని?"

చెప్పక తప్పలేదు. సఫియా ఫోన్లో ఫొటో చూపించింది. నల్లటి తెర మీద పచ్చని చుక్కలు. "కణం లోపల ఆక్సిజన్ దారి తప్పి, కణాన్నే కొరుకుతాది. అప్పుడు మేం లోపల పెట్టిన సెన్సర్ ఇట్లా వెలుగుతాది. ఎంత వెలిగితే అంత బాధ."

"బాధ యాడనుంచి వస్తాది?"

"మేమే... ఒక చుక్క పెరాక్సైడ్ వేస్తాం."

ఆ పేరు జరీనాకు కొత్తేమీ కాదు. బాబావలి ముప్పై ఏళ్లు షెడ్డులో పట్టునూలుకు తెలుపు తెచ్చింది ఆ నీళ్లతోనే. సాయంత్రం ఇంటికొస్తే వేళ్ల కొసలు సున్నం పూసినట్టు ఉండేవి.

"మంటగా ఉండాదా అంటే ఒక్కనాడూ అవుననల్యా ఆ మనిషి. నేనే కొబ్బరినూనె రాసేదాన్ని. నువ్వూ ఆ నీళ్లే పోస్తాండావు గదా సఫియా. పోసినాక ఏం రాస్తాండావు?"

సఫియా ఇన్నాళ్లూ దాచిన నిజం బయటపెట్టింది.

"పని ఎప్పుడో అయిపోయిందమ్మా. నాయన పోయిన వారానికే అయిపోయింది. పారెయ్యాల్సింది పోయి, నేనే బతికిస్తాండా. చుక్క వేస్తే వెలుగుతాది. నాయన పలికినట్టుంటాది."

చిన్నపిల్లలా ఏడ్చేసింది. జరీనా తిట్టలేదు. కూతురి తల తన భుజానికి ఆనించుకుంది.

"ఆయప్పే పోలేకుండా ఉండాడనుకుంటి. మనమే పోనీకుండా పట్టుకోనుండాం."

తర్వాతి శుక్రవారం సఫియా తిరిగొచ్చింది. రైలు హిందూపురం, పెనుకొండ దాటుతున్నా ఒళ్లోని తెల్లగుడ్డ మూట దించలేదు. అందులో వేలెడంత గాజుపలక ఉంది. మందు వేసి ఆపేసిన ఆ కణాలు ఇక వెలగవు. ఖబరస్తాన్‌కు తీసుకుపోయి నాయన పక్కన పూడ్చడానికి మేనమామ యూనస్ వాకిట్లో ఎదురుచూస్తున్నాడు.

జరీనా మూట విప్పింది. కొబ్బరినూనెలో వేలు ముంచి, గాజు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా రాసింది.

"చల్లగా ఉండాదా?" అని అడిగింది. ఆయన ఏనాడూ జవాబు చెప్పింది లేదు. ఆమె గుడ్డ చుట్టి, తమ్ముడి చేతికిచ్చింది.