మూల సీటు ఫోను

ఆ హెల్ప్‌లైన్ ఆఫీసులో మూల సీటుకి పేరు చెడి ఆర్నెల్లయింది. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు సాయం కోసం ఫోన్ చేసే చోటది. పగలు పన్నెండు సీట్లూ మోగుతాయి, రాత్రి మాత్రం మూల సీటొక్కటే. అర్ధరాత్రి దాటాక అక్కడ ఫోనెత్తితే — అవతల ఎవరూ ఉండరు. ఉండరు కానీ... ఉన్నట్టే ఉంటుంది.

"చచ్చినామె ఎవరో చేస్తోంది" అని ఒకమ్మాయి మానేసింది. రెండో అమ్మాయి కారణం కూడా చెప్పలేదు. మిగిలింది పెద్దక్క. ఆవిడా మొండికేస్తే రాత్రి లైను మూసేస్తామని పైవాళ్ళు తేల్చేశారు.

అందుకని వైర్లాయన్ని పిలిచారు. ఇంటర్నెట్ మీద నడిచే ఆ ఫోన్లన్నీ చూసుకునేది అతనే. ఈ కథంతా తర్వాత బయటికొచ్చిందీ అతని నోటనే. దెయ్యాలంటే తనకి నమ్మకం లేదని పగలు గట్టిగానే చెప్పాడు. పగలు అందరూ చెబుతారు లెండి.

ఒంటిగంటన్నరకి ఫోన్ మోగింది. పెద్దక్క ఎత్తింది. అతను ఇంకో హెడ్‌సెట్ పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"హలో... చెప్పండమ్మా."

ఏమీ లేదు.

"హలో... హలో..."

ఒక వెక్కు. సగంలో తెగింది. మళ్ళీ ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దం మామూలుది కాదు. ఖాళీ లైన్లో కూడా సన్నటి హోరు ఉంటుంది, ఎక్కడో కుక్క అరుపయినా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. వైర్లాయన ఒళ్ళు జలదరించింది.

"విన్నావా తమ్ముడూ," పెద్దక్క గొంతు పీలగా వచ్చింది. "మూడుసార్లు హలో అని పెట్టెయ్యమన్నారు. పెట్టేస్తున్నా."

"ఆగక్కా."

లాప్‌టాప్ తెరిచాడు. మనం మాట్లాడేదాన్ని ఆ యంత్రాలు సన్నగా తరిగి ముక్కలుగా పంపిస్తాయి. దార్లో ముక్క పోతే మాట తెగుతుంది, ఆలస్యమైతే తడబడుతుంది. అతను ఆ ముక్కల లెక్క చూశాడు. ఒక్కటీ పోలేదు. సెకనుకి యాభై — వరసగా, వేళకి, లోపల ఏదో శబ్దంతోనే వస్తున్నాయి.

అంటే లైను బాగానే ఉంది. అవతల మనిషి ఉంది... మాట్లాడుతోంది. ఆ మాట ఈ గదిలోకొచ్చాకే మాయమవుతోంది.

అప్పుడు తట్టింది కారణం.

ఆర్నెల్ల కిందట ఈ సీట్లో హోరెక్కువగా ఉందని ఫిర్యాదొస్తే ఒక వడపోత పెట్టింది తనే. అవతల నుంచి మరీ సన్నగా వచ్చే శబ్దమేదైనా సరే, పనికిరాని చప్పుడని అది మింగేస్తుంది. పట్టపగలు, గట్టిగా మాట్లాడి మరీ పరీక్షించాడు. భేషుగ్గా ఉందని మెచ్చుకున్నారు కూడా.

మొగుడు పక్కగదిలో ఉండగా దొంగతనంగా ఫోన్ చేసే మనిషి గట్టిగా మాట్లాడుతుందా? ఆపాటి ఇంగితం లేకపోయింది తనకి.

వెంటనే వడపోత తీసేశాడు.

ముందు ఫ్యాను చప్పుడు వచ్చింది. తర్వాత దూరంగా ఒక మగమనిషి గురక... ఆ తర్వాత, చెవిలో చెప్పినంత దగ్గరగా, గుసగుస.

"...ఆయన లేచేలోగా చెప్పాలండీ. పోయినవారం చేశాను, మొన్నా చేశాను. హలో హలో అని పెట్టేస్తున్నారు... ఇవాళైనా వినబడుతోందా?"

"వినబడుతోందమ్మా," పెద్దక్క కూడా గుసగుసగానే అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇల్లెక్కడో చెప్పు."

ఇరవై నిమిషాల్లో హెల్ప్‌లైన్ వాళ్ళ బండి ఆ వీధికి చేరింది. చెప్పులైనా లేకుండా వచ్చి ఎక్కిందట ఆమె.

పెద్దక్క ఊపిరి పీల్చుకుంది. వైర్లాయన మాత్రం ఆర్నెల్లుగా మూల సీటు పెట్టేసిన కాల్స్ జాబితా తెరిచి కూర్చున్నాడు.

కొన్ని నంబర్లు వారం వారం చేశాయి. కొన్ని ఒకే రాత్రి అయిదారుసార్లు చేసి — మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.